రెండు బారల కొక్కెం

నేను ఒక ఇనుప కొక్కేన్ని. చేపలు తప్ప నాకు శత్రువులెవరూ లేరు. అయినా ఒకసారి సముద్రపు దొంగల ఆయుధమని నన్ను పట్టుకుని, మెడకు కాగితం కట్టి, ఫొటోలు కూడా తీశారు.

విశాఖ రేవు దగ్గర ఒక కమ్మరి పాత లంగరు ముక్కను కాల్చి నన్ను చేశాడు. జాలరి పోలయ్య నన్ను రెండు బారల వెదురు కర్రకు బిగించుకున్నాడు. ఆయన పోయాక కొడుకు ఎల్లాజీ చేతికి వచ్చాను. వలలో పడ్డ పెద్ద సూరచేపను పడవలోకి లాగడమే నా పని.

ఆ రోజు తీరానికి చాలా దూరంగా, ఏ దేశానికీ చెందని నీళ్ళలో ఉన్నాం. ఒక సరుకుల ఓడ నేరుగా మా వల మీదికి వస్తోంది. ఎల్లాజీ ఒక్క ఉదుటున లేచాడు. నాకు ఎర్ర తువాలు కట్టి పైకెత్తి, పక్కకు తిప్పమని అరుస్తూ మరపడవను ఓడకేసి ఉరికించాడు. అవతలివాళ్ళకు తానెలా కనిపిస్తాడో ఆలోచించే తీరిక అతనికెక్కడిది? ఓడ మీద తుపాకులు లేచాయి. ఒక తూటా పక్కనే నీళ్ళలో పడింది. కాసేపటికి ఏదో పరాయి దేశపు యుద్ధనౌక కూడా వచ్చింది.

“కొక్కెం నీట్లో పారెయ్ బావా! అది సూత్తే మనల్ని ఒగ్గరు,” అన్నాడు బావమరిది చినసత్తెయ్య.

“మా బాబుదిరా ఇది. ఒగ్గీలేను.”

ఇనుముకు ఏడవడం రాదు గనక ఊరుకున్నాను.

మమ్మల్ని సరుకుల ఓడ మీదికెక్కించారు. ఓడ ఒక దేశానిది, దాని జెండా ఇంకో దేశానిది, తుపాకులు పట్టినవాళ్ళు మూడో దేశంవాళ్ళు. మమ్మల్ని విచారించే హక్కు తమకే ఉందని ఎవరికి వారు అంటున్నారు. ఓడ కింద పడి చిరిగిన మా వల సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఓడలో వంటవాడు కాకినాడవాడు కావడం మా అదృష్టం. “దొంగలైతే ఏ దేశమైనా పట్టుకెళ్ళి కోర్టులో నిలబెట్టొచ్చంటండీ బాబాయ్. జాలర్లయితే మన దేశమే అడగాలంట. ఈ కొక్కేన్ని చూసి ఓడెక్కడానికే తెచ్చారంటున్నారండి,” అన్నాడు.

పేరు తెలియని ఊళ్ళో జైలు ఎల్లాజీ కళ్ళ ముందు మెదిలింది. ఆ భయంలోనే, “అయితే దాంతో ఎక్కి సూపించమను,” అన్నాడు.

ఇద్దరు నావికులు మా పడవలోకి దిగి, నన్ను ఓడ పక్కన ఎత్తి పట్టుకున్నారు. ఓడ అంచు ఇంకా నాలుగు బారల పైన ఉంది. ఒకడు ఎగిరి కూడా చూశాడు. యుద్ధనౌక అధికారి నా వంపులో ఎండిన పొలుసును గోటితో గీకి, వాసన చూసి, మొహం పక్కకు తిప్పుకుని నవ్వేశాడు. నా మెడకున్న కాగితం తనే విప్పాడు.

“వెళ్ళిపొమ్మంటున్నారండీ బాబాయ్!” అని వంటవాడు కేకేశాడు. చినసత్తెయ్య పడవలో కూలబడి నవ్వుతూ, నవ్వుతూనే ఏడ్చాడు. వల సగమే మిగిలింది. మనుషులు మాత్రం అందరూ ఇల్లు చేరారు.

ఇప్పుడు తుప్పు పట్టి ఎల్లాజీ ఇంటి గోడకు వేలాడుతున్నాను. చినసత్తెయ్య వచ్చినప్పుడల్లా తన చొక్కా నాకే తగిలిస్తాడు. తగిలించే ముందు, ఎవరూ చూడకుండా, నన్నొకసారి తడుముతాడు.