పెళ్ళికూతురు తూము

సాయంత్రం టిఫిన్లు అయిపోయాక ఇడ్లీ రేకులు తోముతోంది కనకరత్నం. భీమడోలు స్టేషను దగ్గర హోటల్లో ముప్ఫై ఏళ్ళుగా ఆమె పని అదే. ప్రతి గుంటలోనూ బొటనవేలు పెట్టి తిప్పి తిప్పి ఆ వేలి గోరు సగానికి అరిగిపోయింది. ఇవాళ మాత్రం మధ్యమధ్య ఆగి ఎడమ భుజం నొక్కుకుంటోంది.

"చెయ్యి లాగేస్తోందండీ. ఇకనుంచి ఈ పిల్ల తోముతుంది," అంది యజమాని మల్లేశ్వరరావుతో.

పిల్లంటే సింధూరి. ఇద్దరిదీ ఒకే ఊరు. మొగుడు పోయి ఏడాదైంది, ఇంట్లో పాలు తాగే బిడ్డ. ఈ పని దొరక్కపోతే గడవదు. కానీ ఊరికి ఆటోలు రావు. కొల్లేటి గట్టు మీద నడిచే వెళ్ళాలి, దారిలో పెళ్ళికూతురు తూము ఉంది. ఎప్పటి వరదలోనో పడవ బోల్తాపడి అక్కడో పెళ్ళికూతురు మునిగిపోయిందట. పొద్దుగూకాక జుట్టు విరబోసుకుని తూము మీద కూర్చుంటుందట. మీసాలు మెలేసే మగాళ్ళు కూడా ఆ వేళప్పుడు అటు తొంగిచూడరు.

"నా వల్ల కాదత్తా. మానేస్తాను," అంది సింధూరి.

"ఓసి పిచ్చిదానా! ఇవాళ నాతో నడు."

నడిచారు. చేపల చెరువుల మీద ఎరుపు ఆరిపోతోంది. తుంగ వాసన వేస్తోంది. తూము దగ్గరికి వచ్చేసరికి వెనకాల ఒక బండి లైటు ఆర్పేసి నెమ్మదిగా రావడం వినిపించింది. సింధూరి ఆమె చెయ్యి పట్టేసుకుంది. కనకరత్నం చెయ్యి విడిపించుకుని, కొప్పు లాగేసి, తూము గోడెక్కి కూర్చుని పకపకా నవ్వింది. నెరిసిన జుట్టు నడుం దాకా జారింది. బండి గిర్రున తిరిగి వచ్చిన దారినే పోయింది.

"అమ్మబాబోయ్! దెయ్యం నువ్వేనా అత్తా?"

"అసలావిడ ఉందేమో, నాకెప్పుడూ కనపళ్ళేదు. మీ మావయ్య పోయిన కొత్తలో ఒకడు ఇక్కడే వెంటపడ్డాడే. పరిగెడితే కొప్పు ఊడింది. నన్ను చూసి వాడే పారిపోయాడు. అప్పట్నుంచీ ఆవిడ డ్యూటీ నేనే చేస్తున్నాను."

కనకరత్నం గోడ దిగి, ఆ రాతిని తాకి కళ్ళకద్దుకుంది. "ఈ తల్లి చలవవల్లే ఇద్దరు పిల్లల్ని పెంచుకున్నాను. మనిషన్నవాడెవడూ నాకింత సాయం చెయ్యలేదమ్మా."

ఆ రాత్రి రెండు ముద్దలు తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. మధ్యాహ్నానికి దహనం కూడా అయిపోయింది.

నాలుగో రోజు సింధూరి పనికి వెళ్ళింది. తిరుగు దారిలో తూము దగ్గర వెనక బండి ఆగింది. ఎవడో దిగి నడిచి వస్తున్నాడు. జడ విప్పుకుందామంటే రబ్బరుబ్యాండు జుట్టుకి చిక్కుకుని రాలేదు. నవ్వుదామంటే నోరు పిడచకట్టుకుపోయింది. తెలిసిన పేరు ఒక్కటే నోట్లోంచి వచ్చింది.

"ఏవండీ... మా కనకరత్నం అత్త మీ వెనకాలే ఉందండీ."

వాడు వెనక ఎవరున్నారో చూడనైనా చూడలేదు. పెట్టిన కేక చెరువుల అవతలికి వినిపించి ఉంటుంది. బండి పడుతూ లేస్తూ భీమడోలు వైపు వెళ్ళిపోయింది.

సింధూరికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. తూము వైపు తిరిగి చేతులు జోడించింది. ఆ దండం పెళ్ళికూతురికో, అత్తకో ఆమెకే తెలియాలి. ఇద్దరికీ అనుకుంటే పోయేదేముంది? బిడ్డ గుర్తొచ్చి గబగబా ఇంటికి నడిచింది.

గట్టు మీద వాడి ఎడమకాలి తోలుచెప్పు ఒకటి, కొత్తదే, బోర్లాపడి ఉంది.