ముందు చోటు, నిమ్మపచ్చ స్కర్టు

డర్‌వుడ్ టకెట్ తన పడవలో ముందు చోటును ఎవరికీ ఇచ్చేవాడు కాదు. పడవ ఎవరిదైతే వాళ్ళే ముందు నిలబడి, కాలితో చిన్న మోటారును తొక్కుతూ, ఇంకా ఎవరూ కదిలించని నీటిలోకి మొదటి గాలం వేయాలన్నది గంటర్స్‌విల్ సరస్సు మీద అందరూ ఒప్పుకున్న మర్యాద. వెనక ఉన్నవాడికి, ముందువాడు కలియబెట్టి వదిలిన నీళ్ళే ప్రాప్తం.

అతని చెల్లెలి భర్త లైల్ పెన్నాక్ ఏళ్ళ తరబడి ఆ వెనక చోటులో నిలబడి, బావ చొక్కా వీపు మీద కుట్టిన బాస్ చేప బొమ్మను చూస్తూ వచ్చాడు. ఆ బొమ్మ కంటి దగ్గర దారం ఎప్పుడు ఊడిందో కూడా అతనికి తెలుసు. లైల్ ఊరి మంచినీటిని పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఏ మాటనైనా గాజు సీసాలో పోసి వెలుతురుకు పట్టి చూడనిదే నమ్మని స్వభావం. మోకాళ్ళు పూర్తిగా మొరాయించేలోపు ఒక్క వేసవైనా ముందు నిలబడి గాలం వేయాలన్నది అతని కోరిక. ఆ శనివారం తెల్లవారుజామున అతడు పడవ ఎక్కింది దాన్ని సాధించుకోవడానికే.

"ముందు నీ టిఫిన్ డబ్బా తెరువు, సైంటిస్టు బావా," అన్నాడు డర్‌వుడ్.

"ఎందుకు?"

"అరటిపండు ఉందేమో చూడాలి, పడవలో అది అపశకునం. పోయినేడు నువ్వు అరటిపండు కేకు తెచ్చిన రోజు నాకు ఒక్క చేపా పడలేదు."

"ఆ రోజు ఉరుములు కూడా ఉన్నాయి కదా బావా."

"ఆ ఉరుముల్ని కూడా నీ కేకే తెచ్చింది."

డబ్బాలో సాసేజ్ బిస్కెట్లు తప్ప ఇంకేమీ లేవని తేలాక, డర్‌వుడ్ ఎరల పెట్టె తెరిచాడు. నీటి మీద గరగరమంటూ రెక్క తిప్పుకుంటూ పోయే ఎరకు, వెనక గాలపు ముల్లును కప్పుతూ, సన్నని రబ్బరు పోగుల స్కర్టు తొడుగుతారు. మబ్బు పట్టితే నలుపు, ఎండ కాస్తే తెలుపు, నీరు మురికిగా ఉంటే నిమ్మపచ్చ అని డర్‌వుడ్ ఎప్పటిలాగే వల్లించాడు. ఎప్పటిలాగే చివరకు నిమ్మపచ్చే తీశాడు. అది బాగా పాతది, అతనికి అచ్చొచ్చినది.

"నిమ్మపచ్చ కనబడితే బాస్ ఆగదయ్యా. నా చేపలే సాక్ష్యం."

లైల్ నల్ల స్కర్టు తొడుగుతూ, "బాస్ కింద నుంచి పైకి చూస్తుంది బావా," అన్నాడు. "ఆకాశపు వెలుతురుకు అడ్డం వస్తే ఏ స్కర్టయినా దానికి నల్లగానే ఉంటుంది. నేను గాజు తొట్టి కింద పడుకుని మరీ చూశాను."

"తొట్టి కింద పడుకున్నావా? మా చెల్లెలు చూసిందా?"

"ఫొటో కూడా తీసింది."

డర్‌వుడ్ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "మరి నాకు చేపలెందుకు పడుతున్నాయంటావు?"

"నువ్వు ముందు నిలబడతావు గనుక. నీ స్కర్టుకే అంత మహత్తు ఉంటే, వెనక నిలబడి చూపించు. ఇవాళ పెద్ద చేప నీకు పడితే ముందు చోటు మళ్ళీ అడగను. నాకు పడితే ఈ వేసవంతా అది నాది."

డర్‌వుడ్ నిమ్మపచ్చ స్కర్టును తన ఎరకు తొడిగాడు. కాదంటే తన స్కర్టును తనే నమ్మనట్టవుతుంది. పన్ను పీకించుకోబోయేవాడి ముఖంతో వెనక్కి నడిచాడు.

ముందు చోటు లైల్ అనుకున్నంత సుఖంగా లేదు. కాలి మోటారు అతని మాట వినలేదు. పడవ ఒక చుట్టు తిరిగి, నీటిలో మునిగిన చెట్టు మోడును డొక్కలో పొడిచింది.

"దానికి ముద్దు పెట్టావుగా, ఇటు ఇంకోటుంది, అది అలుగుతుంది!" అని వెనక నుంచి కేక వచ్చింది.

అయినా ఎదుట తామరాకుల మధ్య నీరు అద్దంలా ఉంది. దానిలోకి తన గాలమే మొదట వెళ్ళడం చూసి లైల్‌కు పసివాడి సంతోషం కలిగింది. ఆ సంతోషంలోనే, చేప నీటిని చీల్చుకుని పైకి లేవగానే తొందరపడి లాగేశాడు. ఎర ఒంటరిగా తిరిగొచ్చింది.

పడవ అప్పటికే దాటివచ్చిన చోట నీరు ఒక్కసారిగా పేలింది. "పడింది! వల తే!" అని డర్‌వుడ్ అరిచాడు. ఆ రాడ్డు వంగిన తీరు చూడగానే వేసవి తన చేయి జారిపోయిందని లైల్‌కు అర్థమైంది. అయినా పరుగున వెళ్ళి వల పట్టాడు. ఆరు పౌన్ల చేప; ఇవాళ దాన్ని మించినది ఇక పడదని ఇద్దరికీ తెలుసు.

"ఇప్పుడు చెప్పు, రంగు అక్కర్లేదా?"

లైల్ చేప నోటిలోకి వంగి చూశాడు. "స్కర్టేది బావా?"

రెక్క ఉంది, ముల్లు ఉంది, స్కర్టు లేదు. ఇద్దరూ వెతికారు. అది డర్‌వుడ్ బూటు పక్కన, బిస్కెట్ల కాగితం మీద పడి ఉంది. దాన్ని పట్టి ఉంచే రబ్బరు కట్టు పాతబడి తెగిపోయింది. గాలం విసరకముందే స్కర్టు పడవలోనే జారిపోయిందన్నమాట. చేప కరిచింది బోసి ఎరను.

లైల్‌కు నవ్వొచ్చింది, కాని పందెం పందెమే. "చేప వెనక చోటులోనే పడింది గనుక నా వాదమూ నిలబడలేదు. నువ్వే గెలిచావు."

డర్‌వుడ్ చేపను నీటిలోకి వదిలి, ఆ నిమ్మపచ్చ పోగులను అరచేతిలో పెట్టుకుని చూశాడు. "నా స్కర్టే చేపను పట్టిస్తుందన్నాను. అది కాగితం మీద పడుకుని ఉంది. దీన్ని గెలుపని ఎలా చెప్పుకోనూ?" అని గొణిగాడు. "అయితే మరి దేన్ని చూసి కరిచిందది?"

"తెలీదు. రెక్క చప్పుడు కావచ్చు. ఒక్క చేపతో ఏదీ తేలదు బావా. చోట్లు మార్చుకుంటూ చాలాసార్లు చూడాలి."

"సరే. పొద్దున్న నేను ముందు, మిట్టమధ్యాహ్నం నువ్వు."

నీటి మీది ఎరను మిట్టమధ్యాహ్నం ఏ బాసూ కన్నెత్తి చూడదని ఆ సరస్సు మీద తెలియనివాళ్ళు లేరు. లైల్ నడుం మీద చేతులు పెట్టుకుని బావ వంక చూస్తూ నిలబడ్డాడు.

డర్‌వుడ్ చూపు తిప్పుకున్నాడు. "సరేలేవయ్యా. ఒక శనివారం నువ్వు, ఒక శనివారం నేను. ఇవాళ నీదే. కానీ అరటిపండు మాత్రం తేకూడదు."

"దాన్నీ పరీక్షించాల్సిందే."

"పడవలోంచి తోసేస్తాను!"

డర్‌వుడ్ పెట్టెలోంచి కొత్త స్కర్టు తీసి, ఈసారి రెండు కట్లు వేసి బిగించాడు. అదీ నిమ్మపచ్చే. లైల్ ముందుకు వెళ్ళి కాలి మోటారు మీద పాదం ఆనించాడు. పడవ బుద్ధిగా కదిలి, తిన్నగా మరో మోడు వైపు సాగింది.

"ఎడమకయ్యా! ఎడమకి!"