ముద్ర లేని జాడీ

మూడో జాడీని ఒళ్ళో బోర్లించుకుని, అడుగున మెరుగు అంటని అంచుకు నాలుక ఆనించాడు గఫూర్ సాబ్. నాలుక అంటుకోలేదు, మన్ను బాగా కాలింది. వేలి కణుపుతో కొడితే కంచులా మోగింది. "ఊరగాయ పెట్టుకో తల్లీ, చుక్క కారదు" అని ఎదుటి మనిషికి అందించాడు.

ఎమ్మిగనూరు సంతలో ఆయన చోటు ఇనుప సామాన్ల వరుస చివర, ఒక గోనెపట్టా మేర. పొద్దున్నే ఆదోని నుంచి గడ్డి చుట్టిన జాడీల గంపలతో బస్సు దిగుతాడు, సందెవేళకు అదే బస్సులో పోతాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే బతుకు. బక్కపలచని మనిషి, నెరిసిన గడ్డం. కుడిచేతి కణుపులు మాత్రం జాడీలను కొట్టి కొట్టి కాయలు కాచాయి. ఆయన దగ్గర కొనేవాళ్ళకంటే, ఇంట్లో ఉన్న జాడీని తెచ్చి చూపించుకునేవాళ్ళే ఎక్కువ. అడుగున ముద్ర ఉంటే అక్షరమ్ముక్క వచ్చినవాడెవడైనా చదివి చెబుతాడు. ముద్ర లేనిదాని పుట్టిల్లు చెప్పడం గఫూర్ సాబ్‌కే చెల్లు.

దానికి ఆయన పద్ధతి ఒకటుంది. జాడీ తెచ్చిన మనిషిని ముందు నోరు విప్పనివ్వడు. ఎవరిచ్చారో, ఎక్కడ కొన్నారో వింటే మనసు అటే మొగ్గుతుందని భయం. ఆ పద్ధతి మీద కాస్త గర్వం కూడా లేకపోలేదు. "జాడీలు చెప్పేది వింటావు, నేను చెప్పేదే వినవు" అని భార్య నూర్ బీ దెప్పేది. ఆమె పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో దెప్పే నోరు కూడా లేదు.

ఎండ నడినెత్తికెక్కాక ఏసమ్మ వచ్చింది. కోసిగి మనిషి, కూలి పని. కొంత దూరం బండిలో, కొంత దూరం నడిచి వచ్చిన కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము కొట్టుకుపోయాయి. కొంగులో చుట్టిన జాడీని పట్టా మీద దించింది.

"సాబూ, ఇది మా..."

"మాట్లాడొద్దు బేటీ. ముందు జాడీ మాట్లాడల్ల."

మూరెడు ఎత్తు తెల్ల జాడీ. భుజం చుట్టూ నీలం తీగ, ఐదు రేకుల పూలు. అడుగున ఏ ముద్రా లేదు; నాలుక ఆనించి చూశాడు. బూడిద రంగు మన్నులో ఆవగింజల్లాంటి నల్ల చుక్కలు. ప్రతి రేకు చివరా కుంచెను ఎడమకు తిప్పి ఎత్తిన తీరు. గఫూర్ సాబ్ ముఖం వికసించింది. పని తెలిసినవాడి సంతోషం అది, దానికి ముందూ వెనకా కనబడదు.

"ఆర్కాటు పక్క మన్ను. బట్టీ దిగి రెండేండ్లు గూడా కాలే."

"రంగూన్‌ది కాదా?"

"రంగూన్ జాడీ నల్లగుంటాది, బరువుంటాది. దానికీ దీనికీ సంబంధమే ల్యా" అన్నాడు నవ్వుతూ.

ఏసమ్మ జాడీని ఒళ్ళోకి తీసుకుని నేల మీద కూర్చుంది. అప్పుడు చెప్పింది. మొగుడు యేసేపు పద్నాలుగేళ్ళ కింద కూలికని రంగూన్ పోయాడు. యుద్ధమొచ్చాక జాబు లేదు. ఆయనతో పోయిన దావీదు కిందటేడు ఒక్కడే తిరిగొచ్చి ఈ జాడీ ఇచ్చాడు. రంగూన్‌లో ఓడెక్కేటప్పుడు యేసేపే చేతికిచ్చాడని, వెనకాలే వస్తాడని చెప్పాడు.

"కూసోమంటే కూసోల్యా సాబూ. నీళ్ళిచ్చినా తాగల్యా. నా మొగం సూడకుండా పోయినాడు. మా బావేమో ఆదివారం ప్రార్థన పెట్టిద్దామంటాండాడు, సచ్చినోళ్ళకు పెట్టేది. రంగూన్ జాడీ అని నీ నోట సెప్పిచ్చుకొస్తా, ఆగమని వచ్చినా."

గఫూర్ సాబ్ తనను తానే తిట్టుకున్నాడు. ఒక్క మాట ముందు విని ఉంటే! ముప్పై ఏళ్ళు నిజాయితీ అనుకున్నది ఇవాళ ఒక ఆడమనిషి కొంపకు నిప్పు పెట్టింది.

"ఇట్లియ్యి, మల్లా సూస్తా. ముసలోన్ని, నాలుక మొద్దుబారింది. మన జాడీలు ఓడల్లో రంగూన్ గూడా పోతాయి బేటీ, ఆడ కొనింటాడు..."

జాడీ విషయంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అది.

"సాలు సాబూ. నీ నాలుక అబద్ధమాడదనే ఇంత దూరమొచ్చినా." ఏసమ్మ కాసేపు నీలం పూల వైపే చూసింది. "పాపం దావీదు. నోటితో సెప్పల్యాక, ఓడ దిగినాక ఇది కొన్నట్టుండాడు. నా మొగుడు ల్యాడు సాబూ. ఆడనే పోయినాడు."

ఏడవలేదు. చంకలోని మూట విప్పింది. మొగుడి కోసం, ఇక్కడికి రాకముందే, అంత నమ్మకంతో, సాలెవాళ్ళ వరుసలో కొన్న పంచె. దాన్ని జాడీలో కుక్కి, పైన మూత పెట్టి, పట్టా పక్కన నేల మీద వదిలి లేచింది.

"నీ సామాను తీస్కపో బేటీ!"

"ఎవురికి సాబూ?"

ఆమె జనంలో కలిసిపోయింది. గఫూర్ సాబ్ లేచి నాలుగడుగులు వెంటపోయి వెనక్కి వచ్చాడు. సంత ఖాళీ అయింది. ఆదోని బస్సు రెండుసార్లు హారన్ కొట్టింది. గంపలన్నీ కట్టాడు గానీ ఏసమ్మ జాడీని ముట్టుకోవడానికి మాత్రం చేతులు రాలేదు. పట్టా తీసేశాక మట్టి నేల మీద జాడీ ఒక్కటే మిగిలింది. కొత్త పంచె మడతకు మూత సరిగా కూర్చోక, ఎర్రంచు వేలెడంత బయటికి కనిపిస్తోంది.