దోసెడు పూడిక

ఇటు జరుగు బిడ్డా, నా మోకాళ్ల దగ్గరికి వచ్చి కూర్చో. గట్టిగా చెప్పాలంటే ఇప్పటికీ నాకు భయమే.

ఎనభై మూడో సంవత్సరం, ఎండాకాలం. వికారాబాద్ గుట్ట కింద మా వాడంతటికీ ఒక్కటే చెలిమె. ముంచుకునే ముందు ఎవరైనా సరే దోసెడు పూడిక తీసి గట్టు మీద వేయాలి. కొత్త పెళ్లికూతురైనా అంతే. అట్లా తీస్తేనే ఊట నిలుస్తుంది.

గుట్టను బాగుచేస్తానని పట్నం నుంచి చూడవచ్చేవాళ్ల దగ్గర గేటు పన్ను వసూలు చేసే కంట్రాక్టరు, ఆ చెలిమె గట్టు మీదే తన జీపులు కడిగించాడు. నీళ్ల మీద నూనె తేలింది. ఇదేమిటని అడిగిన మా వాడ జంగప్పను అతని మనుషులు మా కళ్లముందే గేటుకు కట్టి కొట్టారు. మేం బిందెలెత్తుకుని ఇళ్లకు పోయాం.

మరునాడు మా పక్కింటి జులేఖా వాకిట్లో ఆడవాళ్లమంతా చేరాం.

"నా బిడ్డ గా నీళ్లు తాగి కక్కుకుంటున్నది. ఇంకెన్నొద్దులు ఓర్సుకోవాలె?" అంది జులేఖా.

"నోరు తెరిస్తే మనల్ని గూడ కడ్తరు," అన్నాను నేను.

"నిన్ను కట్టనీకి వాని తాడు సాలది, ఊకో వదినా!" అంది నా ఆడబిడ్డ భాగమ్మ.

నవ్వాం. కొంగులు బిగించి లేచాం.

పోయి గేటుకు అడ్డంగా కూర్చున్నాం. పట్నం బస్సు ఆగింది. ఒక కళ్లద్దాలామె దిగి, "మేం పన్ను కడతాం కదా, దారి వదలండి!" అని కసిరింది.

"కడ్తరు సరే. దేనికి కడ్తున్నరో జర సూడున్రి," అని భాగమ్మ ఆమెను పక్కనే ఉన్న చెలిమె దగ్గరికి తీసుకుపోయింది.

నూనె తెట్టు చూసి ఆమె వేలు ముంచి వాసన చూసింది. "ఈ నీళ్లు బాగుపడతాయంటే ఎక్కువైనా ఇస్తాం. ఈ గేటుకు మాత్రం ఇవ్వం," అంది. బస్సు దిగినవాళ్లందరిదీ అదే మాట.

"మా తాన పన్ను గింతే అమ్మా. దోసెడు పూడిక తియ్యి," అంది భాగమ్మ.

ఆమె చీర ఎగ్గట్టి వంగింది. మేమూ వంగాం.

అంతలో కంట్రాక్టరు పోలీసులను తెచ్చాడు. భాగమ్మను జుట్టు పట్టి జీపులోకి ఈడ్చారు.

"చెలిమెను ఇడువకున్రి వదినా!" అని ఆమె అరుస్తుండగానే జీపు ఠాణాకు కదిలిపోయింది.

పారిపోదామనుకున్నాను బిడ్డా, అబద్ధమెందుకు. కానీ చేతుల్లో పూడిక ఉంది. గట్టు మీద వేయలేదు, తీసుకుపోయి గేటు ముందు వేశాను. నా వెనక జులేఖా. ఆ వెనక కుంటుకుంటూ జంగప్ప. తర్వాత వాడంతా. పొద్దుగూకేసరికి గేటు కదలకుండా కుప్ప పడింది.

"తియ్యున్రి!" అని గర్జించాడు కంట్రాక్టరు.

"ముందుగాల భాగమ్మను తెచ్చియ్యి," అంది జులేఖా. కుప్ప మీద ఇంకో దోసెడు వేసింది.

ఆమెను తెచ్చేదాకా ఆ కుప్పను మేం తీయలేదు. భాగమ్మ పేరు మరువకు బిడ్డా. ఎక్కడ నీళ్లకు వంగినా పక్కవాళ్లకు ఈ కథ చెప్పు. చెప్పేముందు దోసెడు తియ్యి.