బోణీ స్టూలు

నేను ఒక స్టూలుని. బట్టల కొట్టులో బతుకుతున్నాను గానీ అమ్మకపు సరుకుని కాను. స్టూలుకి ఆస్తి అంటే కాళ్ళూ పైపలకా కావు, దాని మీద పడే మనిషి బరువు. ఎవరైనా వచ్చి ఉస్సురంటూ కూలబడితే అది రాబడి. లేచిపోయాక పలక మీద కాసేపు నిలిచే వెచ్చదనం లాభం. ఈ లెక్కన నా బతుకులో చాలా కాలం పెట్టుబడే తప్ప రాబడి లేదు. అందుకే నాకు అసూయ ఎక్కువ. దాచుకోను. నష్టపోయినవాడు ఎదురు కొట్టు వైపు చూడకుండా ఉండలేడు.

రాజమండ్రిలో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. ఆదాం అనే వెల్డరు ఇనుప గొట్టాలు కోసి, అతికించి, పైన చెక్కపలక బిగించి మమ్మల్ని ఐదుగురిని ఒకే పూట తయారుచేశాడు. ఒకదాన్ని టీ బడ్డీ పాపారావు భుజాన వేసుకుని పోయాడు. మిగిలిన నలుగురినీ కొన్నది ఆ టీ బడ్డీకి ఎదురుగా ఉన్న కోమలి శారీస్ యజమాని కనకలింగం గారు.

"ఏనుగు కూర్చున్నా చెక్కుచెదరవండి" అన్నాడు ఆదాం.

"ఎవరూ కూర్చోరులేవయ్యా. చూపించడానికి. ఆ ఏనుగు ఖరీదు తీసేసి చెప్పు."

ఆ మాట నాకప్పుడు తలకెక్కలేదు. టీ బడ్డీకి పోయినదాన్ని చూసి జాలిపడ్డాను. అద్దాల తలుపులు, చల్లటి గాలి ఉన్న కొట్టుకి పోతున్నానని మురిసిపోయాను. పైమెరుగు చూసి సరుకు కొనేవాడికి పట్టే గతే నాకూ పట్టింది.

సంగతేమిటంటే, మన దేశం ఎప్పుడో ఐక్యరాజ్యసమితిలో ఒక ఒడంబడికకి కట్టుబడింది. పనిచేసే మనిషికి న్యాయమైన పని పరిస్థితులు, విశ్రాంతి, ఆరోగ్యం అందేలా చూస్తామని మాట ఇచ్చింది. ఆ మాట ఎంతవరకు నెరవేరిందో జెనీవాకి నివేదిక పంపుతూ ఉండాలట. దాని కోసం, కొట్లలో ఆడవాళ్ళు రోజంతా నిలబడే పనిచేస్తున్నారా అని చూడడానికి ఇందుమతి గారనే కార్మిక శాఖ అధికారి వస్తున్నారు. మాట ఇవ్వడం తేలిక, సరుకు గుమ్మంలో దించడమే కష్టం. అంత పెద్ద దేశం అంత దూరాన ఇచ్చిన మాటకి ఈ కొట్టులో దిగిన సరుకుని నేను.

ఇందుమతి గారు వచ్చారు. మా నలుగురినీ వరసగా చూసి సంతోషించారు. పట్టుచీరల దగ్గర నిలబడ్డ సత్యవేణిని పిలిచి, "కూర్చోండమ్మా, ఒక ఫొటో" అన్నారు. సత్యవేణి ఆ కొట్టులో అందరికన్నా పాత మనిషి. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి పిక్కల్లో నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. అనుమానంగా యజమాని వైపు చూసి, నెమ్మదిగా నా మీద కూర్చుంది. "అమ్మయ్య" అంది, తనకే వినపడనంత చిన్నగా. నా మొదటి రాబడి అది.

అధికారి మెట్లు దిగారో లేదో, కనకలింగం గారు గల్లాపెట్టె దగ్గరి నుంచే కేకేశారు. "లేమ్మా, ఫొటో అయిపోయింది. పనివాళ్ళు కూర్చున్న కొట్లో లక్ష్మి నిలవదు."

అంతే. మమ్మల్ని మూలకి నెట్టి, మా మీద చీరల అట్టపెట్టెలు పేర్చారు.

ఆ మూలలోంచి నాకు అన్నీ కనపడేవి, అదే నా ఖర్మ. కొనేవాళ్ళ కోసం వేసిన ఎర్ర ముఖమల్ కుర్చీలకి రోజంతా పెళ్ళివారే. కనకలింగం గారి తిరుగుడు కుర్చీకి మనిషి కూడా అక్కర్లేదు, ఆయన లేచి వెళితే తువ్వాలు కూర్చునేది. వీటన్నిటినీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది అద్దం అవతల ఉంది. టీ బడ్డీ ముందు నా తోబుట్టువు. రిక్షావాడు, రైల్వే గుమాస్తా, మార్కెట్టు హమాలీ, ఒకరు లేస్తే ఒకరు. వానకి తడిసింది, టీ మరకలు పడ్డాయి, దాని పలక మనుషుల రాపిడికి అద్దంలా నునుపెక్కింది. ఒకే గొట్టం, ఒకే చెక్క, ఒకే చెయ్యి. దానికి అంత వ్యాపారం, నాకు అట్టపెట్టెలు.

ఒక మధ్యాహ్నం సత్యవేణి నా పక్కనే గోడకి ఆనుకుని, తనతో పాటు చీరలు చూపించే రోజమ్మతో చెప్పింది. "ఇంకా ఇలాగే నిలబడితే కాలు పుండు పడుద్దన్నాడే డాక్టరు."

"అయ్యగారికి చెప్పక్కా."

"చెప్పాను. కూర్చునే పనైతే ఇంటి దగ్గర చూసుకోమ్మా అన్నారు. శ్రావణం అమ్మకాలు అయ్యేదాకా చూస్తారంట. ఆ తరవాత నన్ను మాన్పించేస్తారు. ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలుగుద్దా?"

కాలు కావాలంటే కొలువు పోతుంది, కొలువు కావాలంటే కాలు పోతుంది. అంత చెడ్డ బేరం నేను వినలేదు. మందు నాలో ఉంది, ఆమె చీర కుచ్చెళ్ళు నాకు తగులుతున్నాయి, మధ్యలో అట్టపెట్టెలు.

శ్రావణం వచ్చింది. ఒక పొద్దున కొట్టు తెరిచి అగరొత్తులు వెలిగించారో లేదో మండపేట నుంచి సూరాయమ్మ గారు దిగారు. మనవరాలి పెళ్ళి, వెనకాల కారు నిండా ఆడవాళ్ళు. ఆవిడే ఆ రోజు బోణీ. బోణీ బేరం వట్టి చేతులతో గుమ్మం దాటితే ఆ రోజు ఇంక ఈగ కూడా వాలదని మా వ్యాపారుల నమ్మకం. అసలుకైనా ఇచ్చి పంపుతాం గానీ వెనక్కి పోనివ్వం.

ముఖమల్ కుర్చీలో కూర్చున్న సూరాయమ్మ గారికి సత్యవేణి నిలబడి చీరలు విప్పుతోంది. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. పెద్దావిడ కాసేపు చూసి చీర పక్కకి తోసేసింది.

"కూకోవే అమ్మాయ్. నీ మొకం చూట్టానికి తలెత్తి తలెత్తి నా మెడ పట్టేసింది."

"పర్లేదండి, అలవాటేనండి."

"నీకు అలవాటేమో, నా మెడకి లేదు. ఏమయ్యా కొట్టాయనా! దీనికో పీట ఏస్తావా, పక్క కొట్టుకి పొమ్మంటావా?"

కనకలింగం గారి మొహం చూడాలి. పనివాళ్ళని కూర్చోబెడితే లక్ష్మి పోతుంది. బోణీ పోయినా లక్ష్మి పోతుంది. పెద్దావిడ చెప్పుల కోసం కాలు చాపింది. ఆయనే పరిగెత్తుకొచ్చి, అట్టపెట్టెలు కింద పడేసి, పంచె చెంగుతో నన్ను తుడిచి సత్యవేణి వెనక పెట్టారు.

ఆమె కూర్చుంది. కాళ్ళలో వణుకు నా గొట్టాల్లోకి దిగి ఆగిపోయింది. ఆ పూట పెళ్ళి బట్టల బేరమంతా అక్కడే తెగింది.

ఇంక నా కష్టాలు తీరాయనుకుంటున్నారా? మర్నాడు కనకలింగం గారు నాకు పసుపు రాసి, బొట్లు పెట్టి, మల్లెపూలు చుట్టి దేవుడి పటం కింద నిలబెట్టారు. "కలిసొచ్చిన స్టూలు. దీని మీద ఎవరూ కూర్చోకండి!" నాకు ఏడుపొచ్చింది. ఇంతకన్నా అట్టపెట్టెలే నయం, వాటికి బరువైనా ఉంది.

సత్యవేణి కాసేపు చూసింది. తరవాత చేతులు కట్టుకుని, మహా వినయంగా అంది. "అయ్యగారూ, నిన్న కలిసొచ్చింది ఉత్త స్టూలాండి, మనిషి కూర్చున్న స్టూలాండి?"

ఆయన పసుపు చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగారు.

"మీ ఇష్టమండి. ఖాళీగా పెడితే ఖాళీయే కలిసొస్తుందేమోనని భయమండి, ఆయ్."

కనకలింగం గారు దేవుడి పటం వైపు చూశారు, నా వైపు చూశారు, గుమ్మం వైపు చూశారు. "సరే కూర్చో తల్లీ, బోణీ అయ్యేదాకా" అన్నారు. బోణీ అయ్యాక ఆమె లేవలేదు, ఆయన లెమ్మనడానికి ధైర్యం చెయ్యలేదు. శ్రావణం వెళ్ళింది, సత్యవేణి వెళ్ళలేదు. నా పసుపు ఆమె చీరకి అంటింది, నా పలక నునుపెక్కుతోంది.

ఈ మధ్యనే టీ బడ్డీ స్టూలు కాలు విరిగి పాతఇనుప బండి ఎక్కింది. ఉన్న సరుకంతా అమ్మి మూసుకున్న కొట్టులా దర్జాగా పోయింది. దాని చావు చూసి కూడా కుళ్ళుకున్నాను.

జెనీవాకి పోయిన ఫొటోలో మేం నలుగురం ఉన్నామట. కొట్టులో మాత్రం నేనొక్కదాన్నే, మిగతావి ఇంకా పెట్టెల కిందే. "మాకో అయ్యగారూ?" అని రోజమ్మ అడిగితే, "నీ మీద కలిసొచ్చినప్పుడు చూద్దాంలే" అన్నారాయన. హక్కుగా రావలసింది అదృష్టంగా వస్తే అంతే, ఒకరి దగ్గరే ఆగిపోతుంది.

నిన్న సాయంత్రం సత్యవేణి లేచి, పెట్టెలు దించి, ఒక స్టూలుని కాలితో రోజమ్మ వైపు నెట్టింది.

"కూర్చోవే."

"అయ్యగారు చూస్తున్నారక్కా."

"చూడనీ. గుమ్మంలో ఎవరో చెప్పులు విప్పుతున్నారు. బేరం ముందు ఆయన నోరెత్తరు."

కనకలింగం గారు దయచేయండి అంటూ గుమ్మం వైపు పరిగెత్తారు. రోజమ్మ కూర్చుంది. "అమ్మయ్య" అంది, కొట్టంతా వినపడేలా.

నా మీదికి మళ్ళీ మనిషి వచ్చింది. అయినా చెబుతున్నాను, ఆ అమ్మయ్య నాది కావలసింది.