చెంబెడు అంబలి లెక్క

పొద్దున పది కాకముందే ప్రేమకు ఆ రోజు తినాల్సిన తిండి అయిపోయింది.

"అయిపోవడమేంటే?" అంది మరియకుమారి. రాత్రి డ్యూటీ దిగి ఆస్పత్రి బస్సులో అప్పుడే అల్ నహ్దాలోని ఫ్లాట్‌కు వచ్చింది. భుజాన సంచి వేలాడుతూనే ఉంది. వంటింటి గట్టు పట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డ ప్రేమను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఫోన్ల అట్లనే చూపిస్తుందక్కా. పద్దెనిమిది వందలల్ల ఇగ యాభై మిగిలినయి. సాయంత్రం ఒక కీరకాయ తింటే ఖలాస్."

ఆ ఫ్లాట్‌లో రెండు గదులు. ఒకదాంట్లో ప్రేమ, ఆమె భర్త మల్లేశ్. రెండోదాంట్లో భీమవరం వైపు నుంచి వచ్చిన నర్సు మరియకుమారి. వంటిల్లు అందరిదీ. మల్లేశ్‌కు రాస్ అల్ ఖైమాలో క్వారీ పని. సెలవు రోజుల్లోనే ఇంటికి వస్తాడు. నిర్మల్ దగ్గరి పల్లె నుంచి ప్రేమ ఈ అరబ్బు దేశానికి వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. ఇప్పుడు ఏడో నెల.

ఆరో నెలలో పరీక్ష చేసి షుగర్ ఉందన్నారు. క్లినిక్‌లో డైటీషియన్ రోజుకు పద్దెనిమిది వందల కేలరీలని చెప్పి, ఫోన్‌లో ఒక యాప్ వేసిచ్చింది. తిన్నదాన్ని తూచి అందులో ఎక్కిస్తే అదే లెక్క కడుతుంది. మల్లేశ్ అరచేతిలో పట్టే తూకం మిషన్ కొని తెచ్చి, ఆ యాప్‌కు ముదీర్ అని పేరు పెట్టాడు. వాళ్ల కంపెనీలో మేనేజర్‌ను అలాగే పిలుస్తారు. ఫోన్ చేసినప్పుడల్లా, "ఏమే, బువ్వ తినుటానికి ముదీర్ సంతకం పెట్టిండా?" అని ఆటపట్టించేవాడు. మొదట్లో ఇద్దరూ నవ్వుకున్నారు.

షుగర్ అదుపులోకి వచ్చింది. ప్రేమ బరువు మాత్రం తగ్గింది. పోయిన వారం స్కాన్‌లో బిడ్డ నెలకు తగ్గట్టు పెరగలేదని తేలింది. డాక్టరమ్మ ప్రేమ ఫోన్ తీసుకుని లెక్కలన్నీ చూసింది. తిండి సరిపోతోంది కాబట్టి లోపం ఇంకెక్కడో ఉందని రక్తపరీక్షలు రాసింది. వచ్చే స్కాన్‌లోనూ ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చుకుంటామని, నెలలు నిండకముందే కాన్పు చేయాల్సి రావచ్చని చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి ప్రేమ ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకుని తూచసాగింది. ముదీర్ చెప్పిన గీత దాటితే బిడ్డకు ఏమవుతుందోనని భయం.

మరియకుమారి సంచి దించింది. "ఇంతకీ ఏం తిన్నావు?"

"జొన్న అంబలి. ఒక చెంబు."

"ఇంకా?"

"ఇంకేంది? దాంతోనే అయిపాయె."

మరియకుమారి తిట్టలేదు. ఫోన్ లాక్కుని చూడలేదు. ఫ్రిజ్‌లోంచి ఉడికించిన గుడ్డు తీసి ప్రేమ చేతిలో పెట్టింది. "ముందు ఇది తిను. ముదీర్ అడిగితే నేనే ఇచ్చానని చెప్పు. ఆ అంబలి ఉంటే నాకూ పొయ్యి, అదే చెంబుతో."

"నువ్వు తాగుతవా? పుల్లగుంటది."

"గోదారోళ్లకి అంబలి తెలీదనుకున్నావా? మా నాయనమ్మ చోడి అంబలి కాసేది."

ఉల్లిపాయ కొరుక్కుంటూ నిలబడే తాగేసి, మూతి తుడుచుకుని పడుకోవడానికి వెళ్లింది. రాత్రి డ్యూటీ దిగి పడుకుంటే సాయంత్రం దాకా లేవని మనిషి. తలుపు కొట్టినా పలకదు.

అలాంటి తలుపు మధ్యాహ్నం కాకుండానే తెరుచుకుంది. "ఏమే, రోజంతటి తిండీ ఆ చెంబులో ఉందన్నావు. నాకు కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. నాది అబద్ధమా, నీ ముదీర్‌ది అబద్ధమా?"

ప్రేమకు నవ్వొచ్చింది. ఆ వెంటే కొంచెం రోషమూ వచ్చింది. "అట్లనకు అక్కా. మా సాయవ్వ అత్త గదే తాగి పొద్దుగూకేదాంక పసుపు తవ్వుతది. అంబలిల అంత బలముంటది."

నిజానికి యాప్‌లో అంబలి పక్కన అంత పెద్ద అంకె చూసినప్పుడు ప్రేమకు అనుమానం రాలేదు, గర్వం కలిగింది. ఈ దేశం వచ్చాక తన ఇంటి తిండిని గొప్పదని ఒప్పుకున్నది అదొక్కటే. ఇడ్లీ పక్కన అంత అంకె ఉంటే ఆమె కూడా నమ్మేది కాదు.

"బలం లేదని నేనన్నానా?" అంది మరియకుమారి. "ఎట్లా కాస్తావో మొదట్నుంచీ చూపించు."

ఆమె పనిచేసేది డయాలిసిస్ వార్డులో. రోగి ఎన్ని గుక్కల నీళ్లు తాగానని చెప్పినా వింటారు గానీ, తూకం మీద నిలబెట్టి చూడందే అక్కడ మిషన్ పెట్టరు. ఆ అలవాటుతోనే కాబోలు, చేతులు కట్టుకుని పక్కన నిలబడి చూస్తోంది. ప్రేమ పిండి తీసుకోగానే, "ఆగు" అని దాన్ని తూకం మీద పోయించింది. యాభై గ్రాములు. పిండి నీళ్లలో కలిసింది, పొయ్యి మీద ఉడికింది. చల్లారాక కాస్త మజ్జిగ పోస్తే చెంబు నిండింది. ఖాళీ చెంబు బరువు తీసేసి తూస్తే అరకిలో.

"యాభై గ్రాములు అరకిలో ఎట్లా అయిందే?"

"నీళ్లు వోసిన గద అక్కా."

"నీళ్లు తాగితే బిడ్డ బరువు పెరుగుద్దా?"

ప్రేమ ఫోన్ తీసి, అంబలి అన్నచోట నొక్కి, ఇన్నాళ్లూ చూడని చిన్న అక్షరాల దాకా వెళ్లింది. ఎవరో, ఏ ఊరివాళ్లో, పొడి పిండి లెక్కను అంబలి పేరుతో ఎక్కించారు. తను చెంబెడు అంబలి తాగినప్పుడల్లా అరకిలో పిండి తిన్నట్టు రాసుకుంటూ వచ్చింది ఆ యాప్.

"అరకిలో పిండి! గంత పిండికి మా ఇంటిల్లిపాదికి రొట్టెలైతయి. నేనొక్కదాన్నే పొద్దుగాల తిన్ననా?" అంటూనే ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అంటే బిడ్డను నేనే పస్తు పెట్టిన్నా, అక్కా?"

"నువ్వు పెట్టలేదు. చెప్పినట్టు తూచావు, చెప్పినట్టు ఆకలి ఓర్చుకున్నావు. తప్పు రాసినోళ్లు ఎవరో. ఇక ఏడుపాపి కంచం తియ్యి, నాకూ ఆకలేస్తోంది."

అన్నం, పప్పు, కూర. ఇద్దరూ వంటింట్లోనే కూర్చుని తిన్నారు. తింటూ ప్రేమ ఆమెనే చూస్తోంది. యాప్ తప్పని తేల్చడానికి నర్సుకు ఒక్క మాట చాలు. ఈమె మాత్రం ముందు ఆ అంబలి తాను తాగింది, తన నిద్ర పాడుచేసుకుంది. మాటతో కొట్టిపారేయక తన కడుపు మీదే పరీక్ష పెట్టుకునే మనిషిని ప్రేమ ఇంతవరకు చూడలేదు.

మర్నాడు క్లినిక్‌కు మరియకుమారి కూడా వచ్చింది. డాక్టరమ్మ ముందు, బల్ల మీద రెండు డబ్బాలు పెట్టింది. ఒకదాంట్లో అడుగున కాస్త పిండి, రెండోదాని నిండా అంబలి. యాప్‌లో అంబలి పక్కనున్న అంకె చూపించి, "ఈ అంబలి అంతటిలో ఉన్నది ఇంత పిండే మేడమ్" అంది, అంతే. డాక్టరమ్మ రెండూ ఎత్తి చూసి, వెంటనే డైటీషియన్‌ను పిలిపించింది. ఇకమీదట వండకముందే పిండీ బియ్యమూ తూచాలని, షుగర్ రోజూ చూసుకుంటూ కడుపునిండా తినాలని మాట్లాడుకున్నారు. ఆ రెండో డబ్బాలోంచి డైటీషియన్ అంబలి రుచి కూడా చూసింది.

తర్వాతి స్కాన్‌లో బిడ్డ బరువు పెరిగింది. ఆస్పత్రిలో చేర్చుకునే మాట డాక్టరమ్మ ఎత్తలేదు. ఆ సాయంత్రం మల్లేశ్ ఫోన్ చేసి, సంగతంతా విని, "అయితే మన ముదీర్ నౌకరి ఊడిందా?" అన్నాడు.

"ఊడలే. ఆయన మీద మరియక్కను పెద్ద ముదీర్‌ను చేసిన."

యాప్‌లో కొత్త పేరు ఎక్కించే వీలుందని డైటీషియన్ చెప్పింది. ప్రేమ నెమ్మదిగా అక్షరం అక్షరం కొట్టింది: జొన్న అంబలి, ఇంట్లో కాచినది. పాతదాన్ని వాడినవాళ్లు ఎక్కువ కాబట్టి వెతికితే అదే పైన వస్తోంది. పక్కన తప్పు ఉందని చెప్పడానికి చిన్న గుర్తు ఉంది. దాన్ని నొక్కింది.

"ఎవరు చూస్తారే?" అంది మరియకుమారి డ్యూటీకి చెప్పులు వేసుకుంటూ.

"నా అసొంటి పోరి ఎక్కడన్న ఉంటది గద అక్కా, ఆకలితోని."

మర్నాడు పొద్దున కూడా పైన పాత అంబలే ఉంది. ప్రేమ మళ్లీ ఆ గుర్తు నొక్కి, ఫోన్ పక్కన పెట్టి, అన్నం వడ్డించుకుంది.