పట్టు సున్నా

ఎల్లారావు ఇంకా లేవకముందే కుర్చీ లాగేశారు. పడబోయి బల్ల పట్టుకున్నాడు మనిషి. రుషికొండ మీద ఆ సినిమా గ్రాఫిక్స్ కంపెనీ అద్దాల మేడలో, పట్టపగలు, అందరి కళ్లెదుటా జరిగిందిది. "మీ నీళ్లు మాట వినడం లేదు. రేపట్నుంచి రాకండి," అన్నాడు యజమాని గురునాథరావు. గోడ మీద పెద్ద తెర ఉంది. వారం వారం దాని మీద పనివాళ్ల పేర్లు పైనుంచి కిందికి పడతాయి, అడుగున పడ్డవాళ్లు ఇంటికి పోవాలి. ఎల్లారావు టిఫిన్ క్యారేజీ చంకన పెట్టుకుని పోతుంటే అందరూ తమ తమ కంప్యూటర్లలోకి తలలు దూర్చారు. అక్కడే పనిచేసే జమీర్ కూడా దూర్చాడు. నిజం చెప్పొద్దూ, అతనికి లోపల సంతోషమేసింది. ఎల్లారావు చేస్తున్న పెద్ద ఏనుగు షాట్ ఇక తనకే వస్తుందనుకున్నాడు.

రాలేదు. జ్యోతిర్మయికి ఇచ్చారు.

ఇక చూడాలి జమీర్ కడుపుమంట! వాళ్లందరి పనేమిటంటే, సినిమాలో ఒక్కొక్కరి షాట్‌లో సముద్రం లేచి ఏనుగవ్వాలి. కంప్యూటర్లో నీళ్లను వాటి మానాన వదిలేస్తే పల్లానికి పోతాయి, అంతే. అందుకని కనబడని ఏనుగు బొమ్మొకటి లోపల పెట్టి, నీళ్లను దానివైపు లాగాలి. ఎంత గట్టిగా లాగాలో చెప్పే అంకెను అక్కడందరూ 'పట్టు' అంటారు. పట్టు తగ్గితే ఏనుగు లేవదు. ఎక్కువైతే నీళ్లు గడ్డకట్టిన గంజిలా కదులుతాయి. జమీర్ షాటంటే ఎప్పుడూ గంజే. జ్యోతిర్మయి మాత్రం పెద్ద కెరటాన్ని పట్టుకుని తుంపరల్ని వాటి దారిన వదిలేసేది. ఆమె ఏనుగు తొండమెత్తితే చూసేవాళ్లు మొహం తుడుచుకునేవాళ్లు. భీమిలి దగ్గర రైతుల పిల్ల. వచ్చిన కొత్తలో ఆ పనంతా నేర్పింది జమీరే! ఇప్పుడు ఆమె పేరు తెర మీద పైన, తన పేరు అడుక్కి దగ్గర్లో. సముద్రం కనపడే టీమ్ లీడ్ కుర్చీ కూడా ఆమెకే ఇస్తారట. మల్కాపురంలో ఇంటికెళ్తే అన్నం సయించడం లేదు అతనికి.

ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి లేవగానే ఫైలు తెరిచి పట్టు రెట్టింపు చేసి కూర్చున్నాడు.

రివ్యూలో అందరి ముందూ ఆమె ఏనుగు ముద్దముద్దగా వణికింది. జమీర్ లోలోపల గంతులేశాడు. తర్వాత అతని షాట్ వేశారు. తొండమే లేవలేదు, నీళ్లు చతికిలబడ్డాయి! పక్క సీటు నాగవంశీదీ అంతే. ఆ పూట ఒక్క ఏనుగూ సరిగ్గా నిలబడలేదు. "బుధవారం షాట్లు చూడ్డానికి ఫారిన్ వాళ్లొస్తున్నారు. అప్పటికి కుదరకపోతే సగం మంది పోతారు," అని తలుపు విసిరికొట్టి వెళ్లిపోయాడు గురునాథరావు.

క్యాంటీన్‌లో జమీర్ బల్ల గుద్దాడు. "నా పట్టు ఎవులు తగ్గించారు?"

"నాది ఎవులు పెంచారో ముందది సెప్పు!" జ్యోతిర్మయి మీదికొచ్చింది.

"నానే. ఏటి సేత్తావ్? నాను నేర్పిన గుంటవి, నా నెత్తెక్కి కూకుంటావా?"

"సిగ్గులేదూ సెప్పడానికి? అయితే ఇనుకో, నీది తగ్గించింది నాను! పాతోడివి కదా, ఆ కుర్సీ ఆఖర్న నీకే ఇచ్చెత్తారని నాకు ఏడుపు."

నాగవంశీ గొంతు సవరించుకున్నాడు. "జ్యోతీ, జమీర్ బావ ఒక్కడే కాదు. నీది నానూ రెట్టింపు సేసీసినాను."

"ఓలమ్మా, అందుకేనా అంత గంజి!"

ఎవరో కిసుక్కుమన్నారు. క్యాంటీనంతా ఘొల్లుమంది. జ్యోతిర్మయి మాత్రం నవ్వలేదు. "మరి ఎల్లారావన్న నీళ్లు మాట ఎందుకినలేదు?" అంది. నవ్వులు ఆగిపోయాయి. మూల నుంచి ఒక చెయ్యి లేచింది. ఇంకోటి లేచింది. ఇంకోటి.

"సూశారా? ఆ గురునాథరావు మన సేతుల్తోనే మన పీక నొక్కిత్తన్నాడు. ఆ పేర్ల తెర ఉన్నన్నాళ్లూ ఇంతే," అంది జ్యోతిర్మయి. "బుధవారం అందరం ఒకేపాలి వదిలేద్దాం."

"ఏటి వదిలేది?"

"పట్టు. సున్నా కొట్టేద్దాం."

"ఉద్యోగాలు పోతాయే!"

"ఇప్పుడు ఉన్నాయేటి?"

గంటసేపు అరుచుకున్నారు, తిట్టుకున్నారు, చివరికి సరేనన్నారు. ఇంత మంచి ఆలోచన తనకు రానందుకు జమీర్ మళ్లీ కుళ్లుకుంటూనే వెళ్లి తన ఫైల్లో సున్నా కొట్టాడు.

బుధవారం అతిథులు కూర్చున్నారు. దీపాలార్పారు. సముద్రం లేచింది, విరిగింది, తన దారిన తాను పోయింది. రెండో షాట్‌లోనూ సముద్రమే, మూడో దాంట్లోనూ సముద్రమే! ఏనుగు జాడ లేదు. దీపాలు వేసేసరికి పనివాళ్లందరూ లేచి నిలబడి ఉన్నారు. "ఎల్లారావుని పిలవండి! పేర్ల తెర దించండి!"

దించుతారా? పోలీసుల్ని పిలిచారు. కంపెనీ ఆస్తి పాడు చేశారని కేసు. "ఎవరు మీ నాయకుడు?" అని ఎస్సై అడుగుతుంటే, గురునాథరావు జమీర్ భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్లాడు.

"ఇదంతా జ్యోతిర్మయి పనే కదయ్యా. ఆ ఒక్క మాట చెప్పు. ఆ కుర్చీ నీదే."

జమీర్ కుర్చీ వైపు చూశాడు. దాని వెనక నీలంగా సముద్రం. కావాలనే అనిపించింది, అబద్ధమెందుకు? ఇన్నాళ్లూ దానికోసమే ఏడ్చాడు. ఇంతలో అవతల జ్యోతిర్మయి గొంతు వినబడింది. "నానే సేశాను సార్. నన్ను తీసికెళ్లండి." జనమంతా ఆమెనే చూస్తున్నారు. ఎంత గర్వంగా చూస్తున్నారో! జమీర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. భుజం మీది చెయ్యి విదిలించుకుని గుంపులోకి దూసుకుపోయాడు.

"ఆ గుంటొక్కర్తి పేరే ఎందుకు సార్? మొదటి సున్నా కొట్టింది నాను. ముందు నా పేరు రాయండి!"

"అబద్దం! నాకన్నా ముందు నువ్వెప్పుడు కొట్టావ్?" అంది జ్యోతిర్మయి.

"మీ ఇద్దరికన్నా ముందు నాను బావా!" వెనక నుంచి నాగవంశీ.

నేనంటే నేనని అంతా మీద పడ్డారు. ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు. తర్వాత స్టేషనుకి ఫోన్ చేశాడు.

"సార్, ఒక్క జీపు చాలదు. ఇక్కడంతా మేమే ముద్దాయిలమంటున్నారు. కాదంటే కొట్టేలా ఉన్నారు."